మోయగలిగినంత బరువు



గత నెల ఈ పేజీలో పెండ్లి అప్పుల గురించి వ్రాశాము. ఈ నెల కారు గురించి వ్రాయబోతున్నాము. వాక్యము చెప్పే పాస్టరుకు కారు స్ప్రింగులతో పని ఏమని కొందరు నవ్వవచ్చును. నవ్వండి, అయితే చివరి వరకు చదవండి. మా కండ్లెదుట జరిగిన ఒక సంగతి ఈ మాటలను మా చేత వ్రాయిస్తున్నది.

పోయిన ప్రత్తి కాలములో ఒక ఆదివారము సాయంత్రము, ఎమ్మిగనూరు దగ్గర ఒక గ్రామములో గృహ ప్రార్థన ముగించుకొని ఆదోనికి తిరిగి వస్తున్నాము. బండి మా సంఘ పెద్ద ఒకాయనది. సెకండ్ హ్యాండులో కొన్న చిన్న కారు, ఐదుగురు కూర్చొనుటకు చేసినది. ఆ సాయంత్రము అందులో తొమ్మిదిమందిమి ఉన్నాము. పెద్దాయన, ఆయన భార్య, కొడుకు, కోడలు, ముగ్గురు మనవలు, మేము, మా ఇంటివారు. వెనుక డిక్కీలో ఆ గ్రామ విశ్వాసులు ప్రేమతో ఇచ్చిన రెండు బియ్యపు మూటలు. నిజము చెప్పవలెనంటే, బస్సు ఎప్పుడు వస్తుందో తెలియదు, మా ఇద్దరిని కూడ ఎక్కించుకోండి అని అడిగినది మేమే. ఆ కుటుంబము పాస్టరుగారికి కాదనలేక ఒడిలో ఒకరిని, ప్రక్కన ఒకరిని సర్దుకొని చోటిచ్చారు.

చీకటి పడుచుండగా ఒక వంక మీది కల్వర్టు వచ్చినది. అక్కడ రోడ్డు ఒక్కసారి పైకి లేచి క్రిందికి దిగుతుంది. బండి క్రుంగినది, ఎగిరినది, మరల క్రుంగినది. ఆ ఊపు ఆగలేదు. మూడవ ఊపుకు వెనుక భాగము ప్రక్కకు జరిగినది. ఎదురుగా ప్రత్తి బోరెములతో లారీ వస్తున్నది. కొడుకు స్టీరింగు త్రిప్పినాడు గాని బండి వెంటనే మాట వినలేదు. లారీ డ్రైవరు తన బండిని మట్టిలోకి దింపి తప్పించినాడు గనుక ఈ రోజు ఈ పేజీ వ్రాయగలుగుచున్నాము. ఎవరికీ దెబ్బ తగలలేదు. కోడలి ఒడిలోని పసిబిడ్డ మాత్రము ఆదోని చేరువరకు ఏడ్చుచునే ఉన్నది.

రోడ్డు ప్రక్కనే నిలబడి దేవునికి స్తోత్రము చెల్లించాము. అయితే ప్రియులారా, స్తోత్రము చెప్పి అంతటితో మరచిపోతే, మరుసటి ఆదివారము అదే బండిలో అదే తొమ్మిదిమంది ఎక్కుతారు. కాబట్టి మరునాడు ఉదయము పెద్దాయనతో కలిసి మెకానిక్ షెడ్డుకు వెళ్లాము.

పెద్దాయన బాధ వేరు. “అయ్యగారూ, మొన్ననే గదా ముప్పై వేలు పెట్టి వెడల్పు టైర్లు, తళతళలాడే చక్రాలు వేయిస్తిని. బండి కూలబడకుండా స్ప్రింగుల మధ్య రబ్బరు బఫర్లు గూడ పెట్టిస్తిని. ఇంకా ఏం తక్కువైందని అట్ల ఊగుతాంది?” అన్నాడు.

మెకానిక్ భాయ్ చాల ఏండ్లుగా ఆ పని చేయుచున్నవాడు. మాట్లాడకుండా కారు వెనుక మూల మీద రెండు చేతులు పెట్టి గట్టిగా నొక్కి వదిలినాడు. బండి పైకి లేచి, క్రిందికి దిగి, మరల లేచి, మరల దిగినది. తరువాత క్రింద పడుకొని టార్చి వేసి మమ్మును కూడ వంగి చూడమన్నాడు. వెనుక షాక్ అబ్జార్బరు పొడవునా నూనె కారి దుమ్ము పట్టి నల్లగా ఉన్నది. “పెద్దయ్యా, బండికి కొత్త చెప్పులు తొడిగించినారు. మోకాళ్లు అరిగిపోయిండేది ఎవరూ చూడలేదు” అన్నాడు. ఆ ఒక్క మాటలోనే ఈ నెల మేము చెప్పదలచినదంతా ఉన్నది.

బరువు మోసేది ఒకటి, ఊపు ఆపేది ఒకటి

కారు క్రింద ఉన్న ఏర్పాటునంతటిని కలిపి సస్పెన్షన్ అంటారు. అందులో ముఖ్యముగా రెండు వస్తువులు, రెండు పనులు ఉన్నవి. స్ప్రింగు బరువు మోస్తుంది, గుంత వచ్చినప్పుడు నొక్కుకొని దెబ్బను తాను తీసుకుంటుంది. అయితే నొక్కుకున్న స్ప్రింగు ఊరకుండదు, ఎగిరెగిరి పడుతుంది. పసిబిడ్డ ఉయ్యాలను ఒకసారి ఊపి వదలితే దానంతట అది ఆగుటకు చాలసేపు పడుతుంది గదా. తల్లి చేయి వేసి పట్టుకుంటేనే వెంటనే ఆగుతుంది. స్ప్రింగు ఉయ్యాల వంటిది, షాక్ అబ్జార్బరు తల్లి చేయి వంటిది.

ఆ షాక్ అబ్జార్బరు లోపల నూనె, ఆ నూనెలో కదిలే పిస్టను, దానికి సన్నని దారులు ఉంటాయి. చక్రము పైకి క్రిందికి కదిలినప్పుడు నూనె ఆ సన్నని దారుల గుండా ఇరుకుగా పోవలసి వస్తుంది. ఆ కష్టములో ఊపు బలమంతా వేడిగా మారిపోతుంది. సీలు చిరిగి నూనె కారిపోతే ఆ చేయి పడిపోయినట్టే. బండి నడుస్తుంది, హారను మోగుతుంది, పాటలు వినబడతాయి. అయితే ఊపు ఆపేది ఎవరూ లేరు. గతుకులలో చక్రము నేలను సరిగా పట్టదు. పట్టు తప్పిన చక్రమునకు స్టీరింగు గాని బ్రేకు గాని ఏమీ చేయలేదు. నాలుగు టైర్లు నేలను తాకే చోటు ఒక్కొక్కటి దాదాపు మన అరచేయి అంతే. కుటుంబమంతటి ప్రాణము ఆ నాలుగు అరచేతుల మీద ఉన్నది. కాబట్టి సస్పెన్షన్ అనేది నడుము నొప్పి లేకుండుటకు మాత్రమే కాదు, బండి మన మాట వినుటకు కూడ.

మన పూర్వికుల ఎద్దుబండికి ఇవేవీ లేవు. ఇరుసు మీదనే బండి, చక్రమునకు ఇనుప పట్టా. 1804లో ఇంగ్లాండులో ఒబదయా ఇలియట్ అనే ఆయన గుర్రపు బండ్లకు వంపు తిరిగిన ఉక్కు పట్టీల స్ప్రింగులకు పేటెంటు పొందెను. నేటికిని లారీల క్రింద మనము చూచే కమాన్ కట్టలు ఆ వంశమువే. 1887లో బెల్‌ఫాస్టులో జాన్ బాయిడ్ డన్‌లప్ అనే పశువుల డాక్టరు తన చిన్న కుమారుని మూడు చక్రాల సైకిలు కుదుపులకు ఓర్వలేక గాలి నింపిన టైరును చేసెను. బిడ్డ కుదుపు చూడలేని తండ్రి చేసిన పని ఈనాడు లోకమంతటికి ఉపయోగపడుచున్నది. గాలి టైరు కూడ సస్పెన్షనులో భాగమే అని ఇక్కడ గుర్తుంచుకొనవలెను.

మన నేల సంగతి

మన ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములో నల్లరేగడి ఎక్కువ. ప్రత్తికి అది దీవెన, రోడ్డుకు అది పరీక్ష. వానకు ఆ మట్టి ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకొని నోరు తెరుస్తుంది. దాని మీద వేసిన రోడ్డు క్రింద ఏడాదికేడాది ఈ ఉబ్బుట, ముడుచుకొనుట జరుగుచుండుట వలన తారు అలలు అలలుగా మారుతుంది, అంచులు పగులుతాయి. పైగా చేలలో నుండి వచ్చే ట్రాక్టరు చక్రముల బురద రోడ్డు మీద పడి తడికి జారుతుంది. గుంత కంటికి కనబడుతుంది, బ్రేకు వేస్తాము. అల అంతగా కనబడదు. వేగముగా పోయే బండిని అలలే ఎక్కువగా ఊపుతాయి. షాక్ అబ్జార్బరు బాగున్నదా లేదా అని తేల్చేది ఆ అలలే.

మనము రోడ్డును మార్చలేము. మన బండిని మాత్రము సరిచేసుకొనగలము. అందుకు చాలా డబ్బు అవసరము లేదు, వరుస తెలిస్తే చాలు.

మొదట, ఖర్చు లేని పనులు

ఒకటి, గాలి. డ్రైవరు తలుపు తీస్తే ప్రక్క స్తంభము మీద చాలా కార్లకు ఒక చీటీ అంటించి ఉంటుంది. ముందు చక్రములకు ఎంత, వెనుక చక్రములకు ఎంత, నిండా మనుషులు ఎక్కితే ఎంత అని అందులో ఉంటుంది. అక్కడ లేకపోతే బండితో వచ్చిన పుస్తకములో ఉంటుంది. ఆ లెక్క ప్రకారము, బండి చల్లగా ఉన్నప్పుడు, నెలకు రెండుసార్లయినా చూపించుకొనవలెను. కొందరు కుదుపు తగ్గుతుందని గాలి తగ్గిస్తారు. అది తప్పు. గాలి తక్కువైన టైరు ప్రక్కలు నలిగి వేడెక్కి మన ఎండాకాలపు రోడ్డు మీద పగిలే ప్రమాదమున్నది. వేడి మీద గాలి ఎక్కువ చూపించినదని తీసివేయుట కూడ తప్పే. స్టెప్నీని మరువవద్దు.

రెండు, టైరు వయస్సు. టైరు ప్రక్కన నాలుగు అంకెలు చెక్కి ఉంటాయి. మొదటి రెండు వారము, చివరి రెండు సంవత్సరము. 2319 అని ఉంటే 2019లో 23వ వారమున తయారైనదని అర్థము. గీతలు బాగున్నా రబ్బరు ముసలిదై పగుళ్లిస్తుంది. సెకండ్ హ్యాండు బండి కొనేవారు ఈ అంకెలు తప్పక చదవండి.

మూడు, మూల నొక్కి చూచుట. మెకానిక్ భాయ్ చేసినట్టే నాలుగు మూలలు నొక్కి వదలండి. ఒకసారి లేచి నిలబడితే మంచిది. రెండు మూడు ఊపులు ఊగితే షెడ్డుకు తీసుకొని వెళ్లండి. ఇది మొదటి పరీక్ష మాత్రమే. ఇందులో నిలిచినంత మాత్రాన అంతా బాగున్నదని కాదు. క్రింద నూనె తడి ఉన్నదా, టైరు అక్కడక్కడ గిన్నెలవలె పల్లము పడి అరిగినదా, గతుకులో టకటకమని శబ్దము వస్తున్నదా, ఇవి కూడ చూడవలెను.

నాలుగు, బరువు. ఇది అన్నిటికంటె ముఖ్యము. బండి పుస్తకములో ఖాళీ బరువు, మొత్తము బరువు అని రెండు లెక్కలుంటాయి. మాటవరసకు ఖాళీ బరువు 750 కిలోలు, మొత్తము 1,180 కిలోలు అనుకొనండి. మిగిలినది 430. మనుషులు, మూటలు అన్నీ కలిపి అంతే. ఆ సాయంత్రము మా లెక్క చూడండి. పెద్దవారము ఆరుగురము, తల ఒక్కంటికి 65 చొప్పున 390. ముగ్గురు పిల్లలు కలిపి 60. బియ్యము 50. మొత్తము 500. బండి మోయగలిగినదానికంటె 70 కిలోలు ఎక్కువ. అందులోను ఎక్కువ భాగము వెనుకనే. వెనుక క్రుంగితే ముందు తేలికవుతుంది, స్టీరింగుకు పట్టు తగ్గుతుంది. హెడ్‌లైట్ల వెలుగు పైకి లేచి ఎదుటి డ్రైవరు కంటిలో పడుతుంది. ఆ లారీ ఆయనకు మన వలన కండ్లు చెదిరి కూడ ఆయన మనలను తప్పించినాడని తలంచినప్పుడు మాకు సిగ్గు కలిగినది.

తరువాత, తక్కువ ఖర్చు పనులు

చక్రముల వరుస, అంటే వీల్ అలైన్‌మెంటు, బ్యాలెన్సింగు. స్టీరింగు వదిలితే బండి ఒక ప్రక్కకు లాగుతున్నా, టైరు ఒక అంచు మాత్రమే అరుగుతున్నా ఇది చేయించవలెను. పెద్ద గుంతలో పడిన తరువాత కూడ చూపించవలెను.

రబ్బరు బుష్షులు, బాల్ జాయింట్లు, లింకు రాడ్లు. ఇవి మన కీళ్ల వంటివి. కొన్ని బుష్షులు చేతి బొటనవ్రేలంత ఉంటాయి. అవి పగిలితే కొత్త షాకులు వేసినా బండి బిగువుగా నడువదు. షాకులు మార్చేటప్పుడే వీటిని కూడ చూపిస్తే కూలి ఒకేసారి పోతుంది. ముందు స్ట్రట్టు పైన ఉండే రబ్బరు మౌంటును కూడ మరువకండి. ఈ పనుల తరువాత అలైన్‌మెంటు మరల చేయించవలెను.

షాక్ అబ్జార్బర్లు. ఇవి ఎప్పుడును జతగా మార్చవలెను. ముందు రెండు, లేదా వెనుక రెండు. ఒకటి కొత్తది, ఒకటి పాతది ఉంటే బండి ఒక కాలు కుంటుతున్న మనిషివలె నడుస్తుంది. నాలుగు ఒకేసారి మార్చుటకు డబ్బు లేకపోతే కారుతున్న జతను వెంటనే మార్చి, రెండవ జతను పంట డబ్బు వచ్చాక మార్చండి. మీ బండికి ఒప్పే వాటిలో గ్యాస్ నింపినవి దొరికితే వాటిని అడగండి. గతుకులలో ఎక్కువ దూరము పోయేటప్పుడు లోపలి నూనె నురగ కట్టకుండ ఆ గ్యాస్ ఒత్తిడి ఆపుతుంది. కొంచెము గట్టిగా అనిపించవచ్చును గాని బండి నిలకడగా ఉంటుంది. తక్కువ ఖర్చులో చేసుకొనదగిన మంచి మార్పు ఇదే. బిల్లు, పెట్టె, తీసిన పాత సామాను మూడును అడిగి తీసుకోండి.

స్ప్రింగులు. ఖాళీగా నిలిపినప్పుడే బండి ఒక వైపు గాని వెనుకకు గాని వాలి ఉంటే స్ప్రింగు అలసిపోయినదని అర్థము. కంపెనీ కొలత ప్రకారము కొత్త జత వేయించవలెను. ఆమ్నీ, బొలెరో వంటి వాటికి వెనుక కమాన్ కట్టలుంటాయి. అందులో విరిగిన పట్టీ ఉంటే మార్పించండి, అరిగిన బుష్షులు వేయించండి. బరువు కొరకు అదనముగా ఒక పట్టీ చేర్పించేవారున్నారు. అలా చేస్తే ఖాళీగా పోయేటప్పుడు బండి రాయివలె కొడుతుంది, పైగా బ్రేకులు, ఇరుసు, టైర్లు మాత్రము పాత బరువుకే చేసినవి.

ఎమ్మిగనూరు నేతపనివారికి ఈ సంగతి సులువుగా అర్థమవుతుంది. 1938లో మాచాని సోమప్ప గారు నేతగాండ్ర సహకార సంఘమును స్థాపించిన ఊరు అది. పడుగు వదులైతే గుడ్డ బాగుండదు, మరీ బిగిస్తే నూలు తెగుతుంది. స్ప్రింగు కూడ అంతే. గట్టిదే మంచిదని కాదు, తగినదే మంచిది.

డబ్బు పోయి కీడు తెచ్చేవి

స్ప్రింగు చుట్ల మధ్య పెట్టే రబ్బరు బఫర్లు. ఇవి స్ప్రింగులో కొంత భాగమును కదలకుండ పట్టి దానిని గట్టిపరచును. బండి లేచినట్టు కనబడుతుంది గనుక బాగైనదనుకుంటాము. అయితే గట్టిపడిన స్ప్రింగును ఆపుటకు షాక్ అబ్జార్బరు ఇంకా బలముగా ఉండవలెను. పెద్దాయన బండిలో షాకులే చచ్చిపోయినవి, పైన బఫర్లు చేరినవి. ఊపు ఇంకా పెరిగినది.

పెద్ద చక్రములు, వెడల్పు టైర్లు. చక్రము పెద్దదై టైరు ప్రక్క పొట్టిదైతే దెబ్బను తీసుకొనే గాలి తగ్గుతుంది. గుంతలో రిమ్ము వంగుతుంది. చూచుటకు అందము, కూర్చొనుటకు కష్టము. ఎత్తు తగ్గించుటకు స్ప్రింగు చుట్లు కోయించుట ఇంకా ప్రమాదము.

చట్టము సంగతి కూడ తెలిసికొనండి. 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు ఇచ్చిన వాటికి భిన్నమయ్యేటట్టు బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటను గట్టిగా చెప్పినది. అరిగినదాని స్థానములో అదే కొలతది వేయించుట మరమ్మతే గనుక దానికి భయము లేదు.

మరియొక హెచ్చరిక. మన యువకులు ఫోనులో వీడియో చూచి ఇంటి వద్దనే స్ట్రట్టు విప్పుటకు పూనుకుంటున్నారు. లోపల స్ప్రింగు గొప్ప బలముతో నొక్కబడి ఉంటుంది. సరియైన పనిముట్టు లేకుండ విప్పితే అది ఎగిరి మనిషి ప్రాణము తీయగలదు. జాకీ మీద మాత్రమే నిలిపిన బండి క్రిందికి ఎవరును దూరకూడదు. ఈ పని షెడ్డువారికే విడువండి.

పెద్దాయన ఏమి చేసెను

ఆయన ఒక రాత్రి ఆలోచించుకొని మరునాడు ఆ తళుకు చక్రములను అమ్మివేసెను. ముప్పై వేలవి పదిహేడు వేలకు పోయినవి. పాత చక్రములు మిద్దె మీద ఉన్నవి, వాటిని దింపి తొడిగించెను. బఫర్లు తీయించెను. నాలుగు షాకులు, ముందు మౌంట్లు, బుష్షులు, లింకు రాడ్లు, అలైన్‌మెంటు, కూలి అన్నీ కలిపి పదకొండు వేల చిల్లర అయినది. “పదమూడు వేలు నష్టమైంది అయ్యగారూ. బడికి ఫీజు కట్టినాననుకుంటా” అని నవ్వెను. గోపురము కట్టగోరువాడు ముందుగా కూర్చుండి లెక్క చూచుకొనవలెనని మన ప్రభువు లూకా సువార్త 14వ అధ్యాయములో చెప్పిన సంగతి ఆయనకు మేము గుర్తు చేయలేదు. ఆయనే మాకు గుర్తు చేసెను.

లేవీయుల బండ్లు

ఈ సంగతి జరిగిన తరువాత సంఖ్యాకాండము 7వ అధ్యాయము చదివినప్పుడు ఇంతకు ముందు చూడని ఒక విషయము మాకు కనబడినది. ఇశ్రాయేలు ప్రధానులు ఆరు బండ్లు, పన్నెండు ఎద్దులు తెచ్చి ఇచ్చిరి. మోషే వాటిని అందరికి సమానముగా పంచలేదు. తెరలు, గుడారపు వస్త్రములు మోసే గెర్షోనీయులకు రెండు బండ్లు, నాలుగు ఎద్దులు. పలకలు, స్తంభములు, దిమ్మలు మోసే మెరారీయులకు నాలుగు బండ్లు, ఎనిమిది ఎద్దులు. కహాతీయులకు ఒక్క బండియు లేదు, వారి పని భుజముల మీద మోయుట. అరణ్యములో దేవుని పరిశుద్ధ సామగ్రిని మోసేటప్పుడు కూడ ఏ పనికి ఎంత బండి అనే లెక్క ఉన్నది. దేవుని పని గదా, ఎంత ఎక్కించినా ఆయనే చూచుకుంటాడు అని వారు అనలేదు. మేము ఆ ఆదివారము అన్నది ఇంచుమించు అదే మాట.

ఈ మాట కారున్నవారికే కాదు. మన పశ్చిమ మండలముల నుండి ఏటేటా సుగ్గికి గుంటూరు వైపు మిర్చి కోతకు, ప్రత్తి తీతకు వెళ్లే కుటుంబములు ఎన్నో ఉన్నవి. పిల్లలతో, మూటలతో, వంట పాత్రలతో ఒక్క బండిలో ఎంతమందిని ఎక్కిస్తారో మనమెరుగుదుము. ఎక్కేముందు చక్రము వైపు ఒకసారి చూడండి. బండి వెనుకకు కూలబడి, టైరు ప్రక్కలు ఉబ్బి ఉంటే దిగి అడిగే ధైర్యము తెచ్చుకొనండి. సంఘముగా వెళ్లేవారు అందరు కలిసి అడిగితే బండివాడు వింటాడు. ఇంకొక బండికి తలా కొంత వేసుకొనుట ఆసుపత్రి ఖర్చుకంటె తక్కువ.

ఇంటి సంగతి కూడ ఒక్క మాట. దెబ్బ తగలని కుటుంబము లేదు. పంట పోతుంది, జబ్బు వస్తుంది, అప్పు అడుగుతారు. దెబ్బ ఒక్కసారే తగులుతుంది గాని, దాని ఊపు మన కోపములో, మాటలలో నెలల తరబడి సాగుతుంది. ఆ ఊపును ఆపే చేయి ఇంటిలో ఒక్కరిదైనా ఉండవలెను. ఆ ఒక్కరి మీదనే అన్ని బరువులు వేసి, వారు లోలోపల అరిగిపోవుచుంటే చూడకుండ బయటి తళుకుకు ఖర్చు పెట్టే కుటుంబములను మేము చూచుచున్నాము. మీ ఇంటిలో ఆ ఒక్కరు ఎవరో ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో తలంచుకొనండి.

మరుసటి వారము ఆరాధన తరువాత మందిరము ఆవరణలో నిలిపిన బండ్లన్నిటి మూలలు నొక్కి చూశాము. పిల్లలకు అది ఆటగా ఉన్నది. కొన్ని బండ్లు ఊగినవి, వాటి యజమానుల ముఖములు మారినవి. ఒక సహోదరి తన భర్తతో, “నీ ఫోను తరువాత కొందువులే, ముందు ఇవి వేయించు” అని అక్కడే చెప్పినది. మీ సంఘములోను ఒక ఆదివారము ఆలాగున చేయండని కోరుచున్నాము.

ఆ తరువాత అదే గ్రామమునకు మరల ప్రార్థనకు వెళ్లాము. తిరిగి వచ్చేటప్పుడు పెద్దాయన కారులో నలుగురు పెద్దవారు, పసిబిడ్డ కూర్చున్నారు. పెద్ద పిల్లలిద్దరు మాతో బస్సులో వస్తామన్నారు. కోడలు తల బయట పెట్టి, “అయ్యగారూ, సర్దుకుంటాము, రాండి” అని పిలిచినది. వద్దమ్మా, మీరు పోండి అన్నాము. బస్సు ముప్పావు గంట ఆలస్యముగా వచ్చినది. ఇంటికి చేరేసరికి పెద్దాయన ఫోను చేసి, “ఆ కల్వర్టు దగ్గర బండి ఒక్కసారి దిగి లేచి నిలబడింది అయ్యగారూ. పాప నిద్ర గూడ లేయలేదు” అన్నాడు.

ప్రయాణములలో ప్రభువు మిమ్మును, మీ పిల్లలను, మీకు ఎదురుగా వచ్చే వారిని కూడ కాపాడును గాక. ఆమేన్.